బట్టల తాడు, ఆరు గుట్టలు

ఆ వేసవిలో మేము హార్సిలీ కొండలకు పోవాల్సింది. పోలేదు. దానికి కారణం కంప్యూటర్లని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. కదిరి నరసింహస్వామి అని నాకు ఒక్కదానికే తెలుసు. ఈ ప్రయాణం ఎట్లాగైనా ఆపు తండ్రీ, నీకు పదకొండు కాయలు కొడతానని మొక్కుకున్నది నేనే మరి.

ఘాట్ రోడ్డులో మలుపు తిరిగేటప్పుడు బస్సు వెనక చక్రం గాలిలో ఉంటుందని ఎవరో చెప్పారు. ఆ మాట చెవిన పడిన దగ్గర నుంచి నాకు అన్నం కలిపినా ఆ చక్రమే, కళ్లు మూసినా ఆ చక్రమే.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. అనంతపురం జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి అప్పటికి రెండేళ్లు. కొత్తగూడలో మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన గోవిందప్ప మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక అద్దాల భవనంలో జనరేటర్లు చూసుకునే మెకానిక్కు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు తేదీ తెలియక ఆగిపోతాయట. అవి ఆగకుండా చేసే పని అప్పటికే మొదలైంది, కరెంటు ఒక్క నిమిషం పోకూడదు, అందుకని ఎవరికీ సెలవుల్లేవు అన్నారు పైవాళ్లు.

పదేళ్ల మా అబ్బాయి యశ్వంత్ ఆ పూట అన్నం తినలేదు. పదో తరగతి రాసి ఉన్న మా అమ్మాయి నవ్య మాత్రం సంచిలో సర్దుకున్న బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అరలో పెట్టుకుంది. వాడి ఏడుపు కంటే ఆ మడతలే నన్ను ఎక్కువ బాధించాయి. మొక్కు సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"కొండలే కదరా కావాల్సింది? రా ఇట్ల," అని మా ఆయన వాణ్ణి మిద్దె మీదికి తీసుకుపోయాడు. ఏ పక్కకు చూసినా గుట్టలే. రాయదుర్గం వైపు, మణికొండ వైపు, రాయి మీద రాయి, దాని మీద ఇంకో రాయి. "ఆరు ఆదివారాలు, ఆరు కొండలు. నాకు ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నే ఎక్కుతాం, పదికల్లా దిగుతాం."

"ఇవి కొండలు కాదు నాయనా, గుట్టలు."

"నీ ఎత్తుకు కొండలేలే."

ఆదివారమే ఎందుకంటే, తక్కిన రోజుల్లో ఆ గుట్టలను పేల్చేవాళ్లు. మధ్యాహ్నం ఈల వినిపించేది, ఎర్ర జెండా లేచేది, తర్వాత మా వంటింట్లో అలమర మీది గిన్నెలు గలగలమనేవి. ఈ ప్రయాణాన్నీ ఆపమని మొక్కుకుందామంటే మొదటి మొక్కే ఇంకా తీర్చలేదు. ఏ ముఖం పెట్టుకొని అడుగుతాను?

మొదటి ఆదివారం తెల్లవారగానే మిద్దె మీద బట్టలారేసే నీలం నైలాన్ తాడు విప్పి చేతికి చుట్టుకొని వచ్చాను.

"ఏమే ఇది?" అన్నాడు మా ఆయన.

"తాడు."

"తాడని తెలుస్తాండాది. దేనికీ అని."

"నడుముకు కట్టుకునేదానికి. ఒకరు జారితే తక్కినోళ్లు పట్టుకుంటారు."

"ఒకరు జారితే నలుగురం కలిసి పోతాం," అంది నవ్య.

"పొద్దున్నే అట్లాంటి మాటలు అనొద్దు."

మా ఊళ్లో శెనక్కాయలు వలిచే రోజుల్లో, పాకే పిల్లల నడుముకు తాడు కట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టేవాళ్లు. నన్నూ అట్లే కట్టారట. నవ్యనూ, యశ్వంత్‌నూ నేను అట్లే కట్టాను. మాలో ఎవరమూ బావిలో పడలేదు. నాకు అంతకంటే రుజువు ఏం కావాలి?

ముందు యశ్వంత్, మధ్యలో నేను, నా వెనక నవ్య, చివర మా ఆయన. నాలుగు నడుములకు నాలుగు ముళ్లు. రాయదుర్గం పక్క గుట్ట ఎక్కుతుంటే, మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకున్న ఇద్దరు కుర్రవాళ్లు మమ్మల్ని చూసి, ఒకరినొకరు చూసుకొని నవ్వారు. నవ్య గబగబా చున్నీ జార్చి నడుము దగ్గరి ముడిని కప్పుకుంది.

పైన మేకలు మేపుకుంటున్న ఒకామె మమ్మల్ని చూసి కర్ర మీద గడ్డం ఆనించింది. పేరు బాలమ్మ. తర్వాతి వారాల్లో ఏ గుట్ట ఎక్కినా ఆమె, ఆమె మేకలు కనిపించేవి.

"ఏందక్కా, గిట్ల గట్టినవ్? నా మేకలను గూడ నేను గట్ట."

"పిల్లోళ్లు జారతారని."

"మొన్న ఒకదాన్ని గట్టిన. రాయి మీదికెళ్లి దుంకి ఉరివడ్డది. ఇడిసినయ్యి మంచిగనే ఉన్నయ్ సూడు."

"మనుషులూ మేకలూ ఒకటా?"

"మేకలే నయం," అని నవ్వింది. "ఫికర్ జెయ్యకక్కా. జర ఎండ ముదరకముందు దిగుండ్రి."

రెండో వారానికే మా ఆయన తాడు కట్టించుకోనన్నాడు. "నేనేమన్నా ఎద్దునా?" అని నీళ్ల డబ్బా భుజాన వేసుకొని ముందు నడిచాడు. పిల్లలను మాత్రం నేను వదల్లేదు. నవ్య కిక్కురుమనకుండా కట్టించుకునేది, పైన చున్నీ సర్దుకునేది, నా వెనకే వచ్చేది. పిల్లకు బుద్ధి వచ్చిందనుకున్నాను.

మణికొండ వైపు గుట్ట మీద ఏనుగంత బండ ఒకటి, అరచేయంత చోట ఆనుకొని నిలబడి ఉంది. వేల ఏళ్లుగా అది అట్లే ఉందని మా ఆయన పిల్లలకు చెప్పాడు. వేల ఏళ్లుగా పడలేదంటే పడే రోజు దగ్గరికొచ్చినట్టే కదా అని నాకు. దాని నీడలో కూర్చొని వాళ్లు ముగ్గురూ బొరుగుల ఉగ్గాణి తిన్నారు. నేను ఎండలో కూర్చొని తిన్నాను.

యశ్వంత్ ప్రతి గుట్ట నుంచీ అరచేతికి సరిపడే రాయి ఒకటి తెచ్చుకునేవాడు. దాని మీద రంగుతో ఒకటి, రెండు, మూడు అని అంకె వేసేవాడు. రాళ్లతో పాటు ఏ తేలు పిల్లలు వస్తాయోనని, ప్రతి రాయినీ పసుపూ ఉప్పూ వేసిన నీళ్లలో కాచిన తర్వాతే మిద్దె పిట్టగోడ మీద పెట్టనిచ్చాను. "అమ్మ రాళ్ల పులుసు చేస్తాంది నాయనా," అని వాడు వాళ్ల నాన్నకు చెప్పి నవ్వుకునేవాడు.

మూడో గుట్ట ఎక్కిన వారంలోనే కాగితం వచ్చింది.

నవ్య పాలిటెక్నిక్ పరీక్ష రాసిందని నాకు తెలుసు. సీటు రాదులే అని ధైర్యంగా ఉన్నాను. వచ్చింది. అదీ కడపలో. ఇక్కడ రెండేళ్లే చదివింది కాబట్టి హైదరాబాదులో తను లోకల్ కాదట, సీటు మా వైపే ఇస్తారట. ఆడపిల్లల కాలేజీ, హాస్టలు, మూడేళ్లు. జూన్ ముప్పైలోగా చేరాలి.

మా ఆయన ఆ కాగితం నా ముందు పెట్టాడు. "దీంట్లో అమ్మయినా నాయనయినా సంతకం పెట్టాలంట. నేను పెట్టను."

"ఏం, ఎందుకు?"

"నేను పెడితే పాప పోతాది. నువ్వు ఈడ మూడేండ్లూ తిండి తినవు. నువ్వు పెడితేనే పోయేది."

"పెట్టకపోతే?"

"ఈడనే ఏదో ఒక ఇంటర్‌లో చేరుతాది. పాపకు అదే చెప్పినా."

నవ్య గడప దగ్గర నిలబడి వింటోంది. పెట్టమని అడగలేదు. అడిగి ఉంటే నాకు కాదనడం తేలికయ్యేది. కాగితం మడిచి గోడకున్న నరసింహస్వామి క్యాలెండరు వెనక దోపాను. అక్కడ దాని లావుకు క్యాలెండరు ఒక పక్కకు ఒరిగేది. రోజూ పొద్దున కసువు ఊడ్చేటప్పుడు నవ్య దాన్ని చేత్తో సరిచేసి, తన పని తను చేసుకునేది.

నాలుగో ఆదివారం గుట్ట ఎక్కుతూ నేనే కదిలించాను.

"కడపలో ఎండలు ఎక్కువంట."

"అనంతపురంలో తక్కువనా?" వెనక నుంచి జవాబు.

"హాస్టల్లో అన్నంలో రాళ్లుంటాయంట."

"ఏరుకొని తింటా."

"జ్వరం వస్తే?"

"మాత్ర వేసుకుంటా."

"రాత్రి ఉలిక్కిపడి లేస్తావు కదా నువ్వు."

"నేను కాదమ్మా లేసేది. నువ్వు లేసి, నేను ఊపిరి తీస్తాండానా లేదా అని ముక్కు కాడ చెయ్యి పెడతావు. దానికి లేస్తా."

ముందు నడుస్తున్న యశ్వంత్ కిసుక్కున నవ్వాడు. నేను కొంగు దోపుకొని ఇంకో రాయి ఎక్కాను.

"ఒక్కదానివి ఎప్పుడన్నా బస్సెక్కినావా నువ్వు?"

"ఎక్కనిచ్చినావా?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఐదో ఆదివారం బాలమ్మ మా కోసమే కాచుకున్నట్టు ఎదురొచ్చింది. మణికొండ వైపు చెయ్యి చూపించింది. మేము రెండో వారం ఎక్కిన గుట్ట సగమే ఉంది. ఏనుగంత బండ ఉన్న చోట ఆకాశం కనిపిస్తోంది.

"మీరు దాని కింద గూసొని తిన్నరు గద? మంగళారం వాయె. ఇగ మిగిలింది గూడ పోతది. నా మేకలు ఎటు వోవాల్నో ఏందో."

వేల ఏళ్లు పడకుండా నిలిచింది ఒక్క మంగళవారంలో పోయింది. ఏదైనా కూలుతుందేమోనని ఎప్పుడూ భయపడేదాన్ని, అది నా కళ్లముందు లేకుండా పోతే సంతోషించాలి కదా. యశ్వంత్ ఇంటికి రాగానే రెండో నెంబరు రాయిని గోడ మీద నుంచి తీసి, లోపల పుస్తకాల పక్కన పెట్టుకున్నాడు. మర్నాడు నేనే దాన్ని తీసుకుపోయి తక్కిన వాటి పక్కన పెట్టాను.

ఆరో ఆదివారానికి ముందురోజు తొలకరి పడింది. రాళ్లు తడిగా ఉంటాయి, వద్దన్నాను. ఇదే ఆఖరిది అన్నారు ముగ్గురూ. రాయదుర్గం వెనక బోర్లించిన మూకుడులాంటి నున్నటి గుట్ట అది. ఒక పక్క నుంచి ఎక్కడానికి బాగానే ఉంటుంది. రెండో పక్క పేల్చేసి, గోడలాగా నిలువునా కోసి ఉంది. మా ఆయన నీళ్ల డబ్బాతో ముందే పైకి పోయి, మా కంటికి కనిపించకుండా పైన చదును మీద కూర్చున్నాడు.

సగం ఎక్కాక నా కాళ్ల ముందు రాతి పగులులో తెల్లగా ఏదో మెరిసింది. పాము కుబుసం. పొడుగ్గా, ఎక్కడా చినగకుండా ఉంది. ఇన్ని వారాలు నేను వెతుకుతున్నది అదే. దొరికింది. రెండడుగులు వెనక్కి వేశాను. రెండో అడుగు కింద గరుకు ఇసుక ఉంది.

కూర్చున్నట్టే పడ్డాను. పడి జారడం మొదలుపెట్టాను. ఎక్కిన దారిలో కాదు, ఏటవాలుగా, కోసేసిన పక్కకు. నడుము దగ్గర తాడు బిగుసుకుంది. పైన యశ్వంత్ "అమ్మా" అనే లోపలే వాడూ వెల్లకిలా పడి నా వెంట వస్తున్నాడు. వాణ్ణి లాగుతున్నది నేనే. నా బరువే. అప్పుడు వెనక్కి చూశాను, ఇంకో బిడ్డనూ లాక్కొస్తున్నానేమోనని. నా నడుము నుంచి ఆ వైపు పోయిన తాడు రాతి మీద ఊరికే పాకుతోంది. దాని కొసన ఎవరూ లేరు.

నవ్య పక్కనున్న పగులులో ఒక కాలు దూర్చి, రాతి మీద బోర్లా పడుకొని, రెండు చేతులతో తమ్ముడి చొక్కా, చొక్కాతో పాటు తాడు పట్టుకొని ఉంది. నా జారుడు ఆగింది.

"అమ్మా, కిందికి చూడద్దు. కుడికాలు పక్కన పగులుంది. దాంట్లో పెట్టు."

పెట్టాను.

"రెండో చెయ్యి రాతికి ఆనించు. కొంగు వదిలెయ్, దాన్ని పట్టుకుంటే ఏం రాదు."

వదిలాను. అది చెప్పినట్టల్లా చేశాను. నాలుగడుగులు పైకి వచ్చి చదునుగా ఉన్న చోట కూర్చున్నాక చూస్తే, నా చెప్పు ఒకటి లేదు. అది కింద పడిన చప్పుడు కూడా నాకు వినిపించలేదు. యశ్వంత్ మోచేతులు గీరుకుపోయాయి. సంచిలో నుంచి పసుపు తీసి అద్దాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను నవ్యతో.

దానికి అర్థమైంది. "రెండో వారం నుంచి. నువ్వు కట్టి ముందుకు తిరగ్గానే విప్పేసుకొని, కొస నడుములో చెక్కుకునేదాన్ని. పైన చున్నీ ఉంటాది కదా."

"తమ్మునిది ఎందుకు విప్పలేదు?"

"వానికి చెప్తే నీకు చెప్పేస్తాడు."

"చెప్పేటోన్నే," అన్నాడు యశ్వంత్.

నాకు నవ్వొచ్చింది. అంతలో పై నుంచి మా ఆయన తల కనిపించింది. "ఏమాయె? అట్ల కూర్చున్యారు?"

"ఏం లేదు. కుబుసం చూసినా," అన్నాను. అంటూనే యశ్వంత్ నడుము దగ్గరి ముడి విప్పడం మొదలుపెట్టాను. తడికి బిగిసిపోయింది. పళ్లతో పట్టి లాగాల్సి వచ్చింది. తర్వాత నాది విప్పుకున్నాను. తాడు చుట్ట చుట్టి సంచిలో వేశాను. మిగిలిన గుట్ట నలుగురం నాలుగు చోట్ల నడిచి ఎక్కాం. నేను ఒంటి చెప్పుతో, అందరికంటే వెనక. బాలమ్మ దూరం నుంచి చూసి కర్ర పైకెత్తింది.

మధ్యాహ్నం మా ఆయన షిఫ్టుకు బూట్లు వేసుకుంటున్నాడు. క్యాలెండరు వెనక నుంచి కాగితం తీశాను.

"మీ జేబులో పెన్నుందా?"

ఇచ్చాడు. నవ్య వచ్చి, ఎక్కడ పెట్టాలో వేలు చూపించింది. నేను చదివింది అయిదో తరగతి. సంతకం పెట్టే పని ఏడాదికి ఒకసారి కూడా రాదు. గంగమ్మ అని రాసేసరికి చాలాసేపు పట్టింది. షిఫ్టుకు ఆలస్యమవుతోందని అంటూనే మా ఆయన ఒక బూటు చేత్తో పట్టుకొని చివరి అక్షరం దాకా నిలబడ్డాడు.

పోయే రోజు ఇనప పెట్టె గొళ్లెం మీద నమ్మకం లేక, ఆ నీలం తాడే అడ్డంగా, నిలువుగా చుట్టి బిగించాను. నవ్య వంగి ముడి చూసింది.

"ఇంత గట్టిగా కడితే ఎట్ల విప్పేది?"

"నీకొచ్చు కదా."

అది నా ముఖం వైపు చూసి, తల దించుకొని నవ్వింది. అప్పుడు నేనూ ఒకటి చెప్పేశాను. హార్సిలీ కొండలు, పదకొండు కాయలు, అంతా. అది నోరు తెరుచుకొని వింది.

"అయితే సెలవు పోగొట్టింది నువ్వా?"

"మీ నాయనకు చెప్పద్దు."

"ఆ కాయలు కొట్టినావా?"

"ఎక్కడ, కదిరికి పోయిందెప్పుడు?"

"కడప నుంచి దగ్గరే కదా. పులివెందుల మీద బస్సుంటాది. నేనే పోయి కొట్టొస్తాలే."

"ఒక్కదానివే..." అనబోయి, పెట్టె మీది ముడిని ఇంకోసారి లాగి చూశాను.

ఇమ్లీబన్ బస్టాండులో పొద్దున బస్సు. మా ఆయన రెండు షిఫ్టులు ఇంకొకరితో మార్చుకున్నాడు. తండ్రీ కూతురూ ఎక్కారు. బస్సు కదిలి మలుపు తిరుగుతుంటే యశ్వంత్ చెయ్యి ఊపుతున్నాడు. నేను వంగి వెనక చక్రం చూశాను. నేల మీదే ఉంది.

ఇంటికి వచ్చి బట్టలుతికాను. ఆరేద్దామని మిద్దె ఎక్కితే తాడు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పిట్టగోడ మీద బట్టలు పరిచాను. గాలికి లేచిపోతాయని ఒక్కోదాని మీద యశ్వంత్ రాయి ఒకటి పెట్టాను. అంకె పైకి వచ్చేట్టు పెట్టాను. మణికొండ వైపు ఈల వినిపించింది, జెండా లేచింది. గోడ కొంచెం అదిరింది. రాళ్లు కదల్లేదు.

అడుగున ఒక చున్నీ మిగిలింది. నవ్య మరచిపోయింది. దాన్ని రెండుసార్లు జాడించి, గోడ చివర పరిచి, రెండో నెంబరు రాయి పెట్టి కిందికి వచ్చాను.